వ్యూఫైండర్‌లో చూసి తీస్తే ఫోకస్ ముందుకు పోతోంది

చెన్నైలో ఉంటాను, ఫోటోగ్రఫీ ఇష్టంగా నేర్చుకుంటున్నాను. నా పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కి నెల క్రితం సెకండ్ హ్యాండ్ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొన్నాను. అప్పటి నుంచి ఇదే టెన్షన్. మొన్న మైలాపూర్ కపాలీశ్వరర్ గుడి దగ్గర మల్లెపూలు కడుతున్న పెద్దావిడను తీశాను. ఫోకస్ పాయింట్ కంటి మీదే పెట్టాను. తీరా చూస్తే ముక్కుపుడక రాయి మెరుపుతో సహా స్పష్టంగా వచ్చింది, కళ్లు మాత్రం మసక. ఎంత మంచి నవ్వో, బాధేసింది.

ఇంట్లో ట్రైపాడ్ వేసి, స్కేలును ఏటవాలుగా పెట్టి మీటరు దూరం నుంచి పరీక్షించాను. ఎఫ్/1.8 (లెన్స్ అపర్చర్ పూర్తిగా తెరిచి), 1/250 సెకను షట్టర్‌లో ప్రతిసారీ 2 సెంటీమీటర్లు ముందే ఫోకస్ అవుతోంది. లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూసి తీస్తే, సరిగ్గా వస్తోంది. అపర్చర్ తగ్గించి ఎఫ్/4లో తీస్తే తేడా తెలియట్లేదు. లెన్స్, కెమెరా కలిసే చోట ఉండే కాంటాక్టులు తుడిచాను, మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే వాడి చూశాను, మార్పు లేదు. ఈ కెమెరా బాడీలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఆటోఫోకస్ తేడాను మనమే సరిచేసుకునే సెట్టింగ్) లేదు.

సర్వీస్‌కి లెన్స్ ఒక్కటే ఇస్తే సరిపోతుందా, బాడీ కూడా కలిపి ఇవ్వాలా?