అలాస్కా ఓడ స్కాగ్వేలో ఒక్క పూట ఆగుతుంది, అమ్మానాన్నలను ఏం ఎక్కించాల?

కడప_చిన్నోడు:
నేను సియాటిల్‌లో ఉంటా. అమ్మకు 61, నాన్నకు 66. కడప నుంచి వచ్చినారు, ఇద్దరికీ విజిటర్ వీసా. జులైలో ఓడ ఎక్కుతున్నాం. కెచికాన్, జూనో, స్కాగ్వే, చివర కెనడాలోని విక్టోరియా. స్కాగ్వే వెయ్యి మంది చిల్లర ఉండే ఊరంట, కానీ అక్కడే ఎక్కువ ఉన్నాయి: కొండ రైలు, జిప్‌లైన్, హెలికాప్టర్, కుక్కల బండి. నాన్న "ఏదైనా సాహసం ఉండాల" అంటాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఓడవాళ్ళ దగ్గర బుక్ చేయాలా, ఊళ్ళో దిగి బేరం ఆడాలా?

బురుజు_కర్నూలు:
రైలు, ఇంకో మాట లేదు. బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసినారు. పట్టాల మధ్య మూడడుగులే. 20 మైళ్ళలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది. పోయేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి, లోయ అటే. కుడి పక్కన కూర్చున్నోళ్ళు ఏడవాల్సిన పని లేదు. పైన సీట్ల వీపులు అటు తిప్పి, పక్కలు మార్పించి, వాళ్ళకు లోయ, మనకు కొండగోడ ఇస్తారు. పెట్టెల మధ్య బయట నిలబడొచ్చు. మా నాయన ఆ కమ్మీ పట్టుకొని మూడు గంటలు కదల్లేదు.

పెన్న_గట్టు:
రైలు సంగతి తర్వాత. మీ అమ్మానాన్నలకు కెనడా వీసా ఉందా? మాకు ఎవరూ చెప్పలేదు. "అమెరికా ఓడే కదా" అనుకొని సూట్‌కేసులతో కౌంటర్ దగ్గరికి పోయినాం. ఎక్కనివ్వలేదు. డబ్బులు పాయె. మా అత్తమ్మ ఆ రేవులో బెంచీ మీద కూర్చొని ఏడ్చింది, ఇంకా నాతో సరిగ్గా మాట్లాడదు.

సీమ_టైగర్:
అట్లేం లేదు. మా బావ పోయినాడు, వీసా ఎవరూ అడగలేదు. ఊరికే టెన్షన్ పెట్టొద్దు.

పెన్న_గట్టు:
మీ బావకు గ్రీన్ కార్డు ఉందా?

సీమ_టైగర్:
ఉంది. అయితే ఏంది?

పెన్న_గట్టు:
అదే కదప్పా తేడా! గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు ఉంటే చాలు. మన పాస్‌పోర్టుతో విజిటర్‌గా వచ్చినోళ్ళకు వీసా కావాల, విక్టోరియాలో కాలు కింద పెట్టకపోయినా సరే. తెలియకపోతే గమ్మునుండాల.

సీమ_టైగర్:
మర్యాదగా మాట్లాడు. అసలు అమెరికా ఓడ కెనడాలో ఎందుకు ఆగాల?

ఓడల_మామ:
నేను పదకొండు ఓడలు ఎక్కినా, నేను చెప్తా. 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ సియాటిల్‌లో ఎక్కించుకొని మళ్ళీ సియాటిల్‌లో దించాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు తాకాల్సిందే. అందుకే విక్టోరియా. ఇక రైలు: సమ్మిట్ (కొండ పైభాగం) దాకా పోయి వెనక్కి వచ్చేదాంట్లో దిగనివ్వరు, పాస్‌పోర్టు అడగరు. కెనడాలోని కార్‌క్రాస్ దాకా పోయేదానికి అడుగుతారు. అన్నీ ఓడవాళ్ళ దగ్గరే బుక్ చేయండి, అనుభవం మీద చెప్తున్నా.

అనంత_పల్లీ:
మామా, పదకొండు ఓడలెక్కినా ఓడవాళ్ళ కమిషన్ సంగతి తెలీదా? మేము జూనోలో బయట వ్యాన్ మాట్లాడుకొని మెండెన్‌హాల్ మంచుకొండ చూసి వచ్చినాం, చాలా తక్కువలో.

ఓడల_మామ:
ఆ వ్యాన్ టైరు పంచరైతే? ఓడవాళ్ళ టూర్ లేటైతే ఓడ ఆగుతుంది. మీ వ్యాన్ కోసం ఆగదు. జూనోకు బయటి ఊళ్ళ నుంచి రోడ్డే లేదు. ఓడ పోతే విమానమో, ఇంకో పడవో.

అనంత_పల్లీ:
గంటన్నర ముందే వచ్చినాం లెండి. నాకు గుర్తుండిపోయింది మాత్రం కెచికాన్ వాన. అక్కడ ఏడాదికి 140 అంగుళాల పైనే పడుతుందంట. మా అనంతపురంలో 22 అంగుళాలు పడితే పండగ. టూర్ వద్దనుకొని రేవులో గొడుగు మూసి నిలబడినా. మా ఆవిడ ఫోటో తీసింది.

మోకాళ్ళ_మేడం:
ఆ వానలోనే నేను 63 ఏళ్ళకు జిప్‌లైన్ ఎక్కినా! ప్రొద్దుటూరు ఆడబిడ్డను. అక్కడి అమ్మాయి నా చున్నీ మడిచి తన జేబులో పెట్టుకుంది, తొడల చుట్టూ బెల్టులు బిగించింది, హెల్మెట్ కింద జడ దోపింది. మొదటి తాడు మీద కళ్ళు మూసుకున్నా, రెండో తాడు మీద అరిచినా, మూడో తాడుకు నేనే ముందు నిలబడినా. బాబూ, మోకాళ్ళకు తాడుతో కష్టం లేదు, చెట్టు నుంచి చెట్టుకు మెట్లతోనే. ఎన్ని మెట్లో అడిగి బుక్ చెయ్. ఇంకోటి, అందరి ముందూ బరువు తూస్తారు. మేం పోయిన చోట 250 పౌండ్లు, అంటే దాదాపు 113 కిలోలు, దాటకూడదు. మా ఆయన 118 కిలోలు. కింద కాఫీ తాగుతూ కూర్చున్నాడు, ఆ రోజు నుంచి రాత్రి సంగటి మానేసినాడు.

సీమ_టైగర్:
లక్షలు పోసి తాడుకు వేలాడేది దేనికి? గండికోటకు పోండి, జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. పెన్న లోయ ముందు అవన్నీ ఏం పనికొస్తాయి!

బురుజు_కర్నూలు:
ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద కూర్చున్నావా ఎప్పుడైనా? బెలుం గుహలు నయం అనుకొని పోతే లోపల ఉక్కపోత, చొక్కా పిండుకోవాల. అయినా మా జిల్లాది అని చెప్పుకుంటా.

పెన్న_గట్టు:
మీ జిల్లా ఏందన్నా, 2022 నుంచి బెలుం నంద్యాల జిల్లా.

బురుజు_కర్నూలు:
మ్యాప్‌లో మార్చినారు, మా మనసులో కాదు.

కడప_చిన్నోడు:
గండికోట గొడవ ఆపండి సామీ. కెనడా వీసాకు ఈ రాత్రే ఫారం నింపుతున్నా, పెన్న_గట్టు అన్నకు దండం. రైలు ఖాయం, ఓడవాళ్ళ దగ్గరే. కుక్కల బండి గురించి ఎవరూ చెప్పలేదు?

ఓడల_మామ:
వేసవిలో కింద మంచు ఉండదు, చక్రాల బండికి కడతారు. మంచు మీద కావాలంటే హెలికాప్టర్‌లో పైకి పోవాల. పర్సు చూసుకో. మబ్బు పడితే అది రద్దవుతుంది కూడా.

కడప_చిన్నోడు:
నాన్నకు చెప్తే "హెలికాప్టర్" అన్న మాట ఒక్కటే విన్నాడు. అమ్మేమో ఓడలోకి గోంగూర పచ్చడి రానిస్తారా అని అడుగుతోంది.

మోకాళ్ళ_మేడం:
ఇంట్లో చేసింది అయితే చాలా ఓడల్లో పట్టేసుకుంటారు. సీల్ ఉన్న ప్యాకెట్ పెట్టుకోమను. పప్పులపొడి కూడా ప్యాకెట్‌దే. రెండు పెట్టుకోమను, ఒకటి పక్క టేబులువాళ్ళు అడుగుతారు.