‘గంగ విడుము’నా, ‘గంగ విడువు’నా?

ఎనిమిదో తరగతి తెలుగు:
రెండు రోజులుగా ఒక్క అక్షరం నన్ను నిద్రపోనివ్వడం లేదు. పిల్లలకి హాస్యం, వ్యంగ్యం చెప్పాలని పల్నాటి నీటి ఎద్దడి మీద శ్రీనాథుడు చెప్పిన చాటువు (అప్పటికప్పుడు చెప్పే విడి పద్యం) ఎంచుకున్నాను. బోర్డు మీద రాస్తుంటే చివరి పాదం దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాన్నగారు చదివేది ఇలా:

సిరిగలవానికి చెల్లును
తరుణుల పదియారువేలఁ దగఁ బెండ్లాడన్
తిరిపెమున కిద్దరాండ్రా
పరమేశా గంగ విడుము పార్వతి చాలున్

మా బడిలో మాత్రం ‘గంగ విడువు’ అని వల్లె వేయించినట్టు గుర్తు. ఏది సరి? ఇంకొకటి, అసలు అడగాల్సింది ఇదే: ఇందులో వ్యంగ్యం ఏ మాటలో ఉందని పిల్లలకి చూపించాలి?

కందపద్యం:
గణాలు వేసినా తేలదండీ. పరమే – శాగం – గవిడుము – పార్వతి – చాలున్. ఆ మూడో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి. ‘గవిడుము’ నలమే, ‘గవిడువు’ కూడా నలమే. ‘పరమేశ్వర గంగ’ అని చదివేవాళ్లూ ఉన్నారు, అదీ సరిపోతుంది. రెండో పాదంలో ‘పదహారువేల’ అన్నా గణం చెడదు. అయినా నా ఓటు ‘ము’కే. దేవుణ్ణి అడిగేటప్పుడు కావుము, బ్రోవుము, ఇమ్ము అంటాం. పైకి దెప్పుతున్నా లోపల ఉన్నది మొర, ఆ మొరని ‘ము’ పట్టి ఇస్తుంది.

పాత నిఘంటువు:
కందపద్యం గారూ, ఛందస్సు దగ్గర మీ మాట కాదనను గానీ, వ్యాకరణం వదిలేశారు. ఇవి రెండు క్రియలు. పిలుచు, పిలువుము, పిలువు ఎలాగో విడుచు, విడువుము, విడువు అలాగే. ‘విడుము’ వచ్చింది ‘విడు’ నుంచి. కాబట్టి ‘విడువు’ తప్పు కాదు, ఇంట్లో పెద్దవాళ్లు మందలించే గొంతు అందులో వినిపిస్తుంది. ఇద్దరు పెళ్లాలతో వేగలేకపోతున్న మనిషికి చెప్పే మాట కదా ఇది!

ఏది తీసుకున్నా శ్లేష చెడదు. విడాకుల్లో ఉన్నదీ, విడుదలలో ఉన్నదీ ఆ ‘విడు’నే. ఆలిని వదిలెయ్యి అన్నట్టు వినిపిస్తుంది, నీళ్లు వదులు అని అర్థం. ఒక్క క్రియ రెండు పనులు చేస్తోంది.

సిరి:
అందరూ నాలుగో పాదం దగ్గరే ఉన్నారు, మొదటి మాట చూడండి. ‘సిరిగలవాడు’ అంటే డబ్బున్నవాడు అని చెప్పి దాటేస్తాం. సిరి అంటే లక్ష్మి. లక్ష్మి గలవాడు విష్ణువు. కృష్ణుడి పేరెత్తకుండా ఆయన ఐశ్వర్యాన్నీ ఆలినీ ఒకే మాటలో పెట్టాడు కవి. ఆ సిరికి ఎదురుగా ‘తిరిపెము’. తిరిపెమువాడు అని కూడా అనలేదు, ఉత్త తిరిపెము! అటు ‘వాడికి’ అన్నాడు, ఇటు ‘బిచ్చానికి ఇద్దరు ఆండ్రా’ అన్నాడు. శివుణ్ణి మనిషిగా కూడా లెక్కపెట్టకపోవడంలోనే నాకు ఎక్కువ నవ్వొస్తుంది.

పాత నిఘంటువు:
అక్కడ తిరిపెమంటే తిరిపెమెత్తి బతికేవాడనే తీసుకోవాలి సిరి గారూ, అంతదూరం వెళ్లనక్కర్లేదు. పిల్లలకి ముందు చెప్పాల్సింది ‘ఆండ్రు’. ఆలు ఏకవచనం, ఆండ్రు బహువచనం, చివరి ‘ఆ’ ప్రశ్న. అది తెలియక ‘ఇద్దరాండ్రా’ని ‘ఇద్దరు అంటారా’ అని అర్థం చేసుకున్న పిల్లల్ని చూశాను.

నాగులేటి గట్టు:
మాది పల్నాడు. ఈ పద్యాన్ని వ్యాజస్తుతి (తిట్టినట్టు పొగడటం) అని రాసేస్తుంటే బాధగా ఉంటుంది. స్తుతి ఎక్కడుందండీ ఇందులో? ఇది దాహం. ‘నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు’ అని మా సీమని ఏకరువు పెట్టిన కవి ఇక్కడ నీళ్లన్న మాటే ఎత్తలేదు. నీరు లేదు, దాహం లేదు, ఎండ లేదు, ఊరి పేరు లేదు. శివుడి సంసారం గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. వ్యంగ్యం ఏ మాటలో ఉందని మాస్టారు అడిగారు, పద్యంలో లేని మాటలో ఉంది. 1967లో సాగర్ కాలువలకి నీళ్లు వదిలాకే మా వైపు చాలా ఊళ్లు కాలువ నీళ్లు చూశాయి. ‘నీళ్లు విడిచారట’ అని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఆ మాట విన్న చెవికి ‘గంగ విడుము’లో పెళ్లాం కన్నా ముందు కాలువే వినిపిస్తుంది.

ఎనిమిదో తరగతి తెలుగు:
మీ మాట చదివి ఇవాళ పాఠం మార్చాను. పల్నాడనీ, నీటి ఎద్దడనీ చెప్పకుండా పద్యం మాత్రం రాసి, అర్థం చెప్పి ఊరుకున్నాను. ‘ఇద్దరాండ్రా’ దగ్గర అందరూ నవ్వారు. తర్వాత ‘కవి ఇదంతా ఎందుకు అడుగుతున్నాడు?’ అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రెండో వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, ‘సార్, ఆయనకి దాహం వేస్తోందా?’ అంది. నాకు ఒళ్లు జలదరించింది. సందర్భం ముందే చెప్పేసి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. ఇన్నేళ్లూ సందర్భం ముందు చెప్పి, పద్యం తర్వాత చదివి, నవ్వు రాలేదేమని పిల్లల్ని అన్నాను.

అక్షరం సంగతి మాత్రం తేలలేదు. బోర్డు మీద ‘ము’ అనే రాశాను.

సిరి:
ఆ అమ్మాయికి నా తరఫున ఆశీస్సులు చెప్పండి. వీలైతే వెంటనే ‘ఫుల్లసరోజనేత్ర’ కూడా చదివించండి. పూతన చన్నుల విషం తాగానని, దావాగ్ని మింగానని నిక్కుతావేమో, చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద దిగమింగు, నీ పస తెలుస్తుంది అని కృష్ణుడికే సవాలు. ఇక్కడ శివుడికి కృష్ణుణ్ణి చూపించి దెప్పాడు, అక్కడ ఆ కృష్ణుణ్ణే జొన్నకూటి ముందు కూర్చోబెట్టాడు. హరవిలాసం, కాశీఖండం రాసిన శివభక్తుడు కాబట్టే శివుడి దగ్గర అంత చనువు. రెండూ పక్కపక్కన పెడితే నవ్వు రెట్టింపవుతుంది.

కందపద్యం:
మంచి మాట గుర్తుచేశారు. ‘మెల్లగ నొక్క ముద్ద దిగమింగుము’. చూశారా, అక్కడా ‘ము’. దేవుడితో మాట్లాడేటప్పుడు శ్రీనాథుడి నోట వచ్చేది ‘ము’నే.

పాత నిఘంటువు:
మింగుకి ‘మింగువు’ అనే విధిరూపమే లేదు కదండీ, అక్కడ ‘ము’ రాక ఏమొస్తుంది? దాన్ని బట్టి ‘విడుము’ని ఎలా నిలబెడతారు? చు చివర వచ్చే క్రియతో శివుణ్ణో కృష్ణుణ్ణో అడిగిన చాటువు ఇంకొకటి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

కందపద్యం:
వెతుకుతున్నాను. చాటువుల సంకలనం ‘చాటుపద్య మణిమంజరి’ ఇప్పుడే అటక మీంచి దింపాను.