30 వేలలో చెక్క లేత్: కొత్తవాడికి ఏది నయం?

తెనాలి మాస్టారు:

అందరికీ నమస్కారం. స్కూల్ నుంచి రిటైరై ఇంట్లోనే ఉంటున్నాను. రంపం, ఉలి, చిత్రిక వాడటం కొంత వచ్చు. కర్రని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే లేత్ మీద మాత్రం ఇంతవరకు చెయ్యి పెట్టలేదు. ముందు బొంగరాలు, అప్పడాల కర్రలు, ఉలి పిడులు చేయాలని ఉంది. చెయ్యి తిరిగాక చిన్న చెక్క గిన్నెలు. డాబా మీద రేకుల షెడ్డు ఉంది, కరెంటు సింగిల్ ఫేజ్. బడ్జెట్ 30 వేలు. అది దాటితే ఇంట్లో మాట పడాలి.

చూసి పెట్టుకున్నవి ఇవి. ఆన్‌లైన్‌లో చేతి సంచిలో పట్టేంత మినీ లేత్ ఒకటి, అడాప్టర్‌తో నడుస్తుంది, చాలా చవక. రెండోది దిగుమతి సరుకు, మీటరు పొడవు, గొట్టాలతో చేసిన బెడ్ (మిషన్‌కి అడుగున ఉండే పట్టాలు), 350 వాట్ల మోటారు. మూడోది మా దగ్గరి వర్క్‌షాపులో ఛానల్ ఇనుముతో చేసిస్తామంటున్నారు, అర హెచ్‌పీ మోటారు, పుల్లీలు. ఇవికాక అమెరికాలో ఉన్న తమ్ముడు వచ్చేటప్పుడు ఒకటి తెస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

రాజోలు చెక్కపని:

మాస్టారూ, మొదటిది పక్కన పెట్టేయండి. పూసలు, పెన్నుల వరకు పనికొస్తుంది. రెండంగుళాల వేపకర్ర బిగించి ఉలి ఆనిస్తే మోటారు అక్కడే నిలబడిపోతుంది. మీరు అప్పడాల కర్ర అన్నారు కాబట్టి ఇక దాని గురించి మాట్లాడుకోనక్కర్లేదు.

రెండోదాని పొడవు చూసి మోజు పడకండి. అప్పడాల కర్రకి సెంటర్ల మధ్య, అంటే కర్రని రెండు కొనలా పట్టుకునే మొనల మధ్య, 18 అంగుళాలు ఉంటే ఎక్కువే. మంచం కోళ్ళు చేసేవాళ్ళకి కావాలి మీటరు. గొట్టాల బెడ్ తేలిక, పైగా పొడవు. లావు కర్ర పెట్టి తిప్పితే మొత్తం వణుకుతుంది, ఆ వణుకంతా చెక్క మీద గీతలై కనిపిస్తుంది. ఇంకో సంగతి. ఈ రకంలో చాలావాటికి అన్నిటికంటే తక్కువ వేగమే నిమిషానికి 800 చుట్ల పైన ఉంటుంది. మిషన్ మీద అతికించిన ప్లేట్ చదవండి. గిన్నె కోసం వంకరటింకర దుంగ ముక్క బిగించి మొదటిసారే 800లో తిప్పితే అది ఊడి మొహం మీదకొస్తుంది.

చిన్న లేత్ కొనేటప్పుడు నేనైతే ముందు బరువు అడుగుతాను, వాట్లు తర్వాత. పోత ఇనుముతో చేసిన 10 అంగుళాల బల్ల లేత్ సాధారణంగా 35 కిలోల పైమాటే. దానికి దగ్గరగా ఉందంటే నమ్మొచ్చు. ఇంకోటి, 30 వేలూ లేత్‌కే పెట్టేయకండి. 20 దగ్గర ఆగండి. మిగతా పది ఉలులకి, సానకి, ముఖానికి షీల్డ్‌కి కావాలి. సాన లేనివాడికి ఎంత గొప్ప లేత్ ఇచ్చినా చెక్కని గీకుతూ కూర్చుంటాడు.

మీ మూడింట్లో నా ఓటు వర్క్‌షాపుదానికే. కాకపోతే చూసి తీసుకోవాలి.

హైదరాబాద్ హాబీ:

నేను ఒప్పుకోను. లోకల్‌గా చేసినవాటిలో సగం, కర్ర తిప్పే మోటార్లే తప్ప లేత్‌లు కావు. కర్రని తిప్పే హెడ్‌స్టాక్ ఒకచోట, అవతలి కొన ఆనే టెయిల్‌స్టాక్ ఒకచోట చూస్తుంటాయి. హెడ్‌స్టాక్‌లో తిరిగే ఇరుసు, అదే స్పిండిల్, దాని మీద మరలు ఆ మిస్త్రీకి తోచిన సైజు. రేపు చెక్కని దవడలతో పట్టుకునే చక్ కొంటే ఎక్కదు. ఇంకొన్ని నెలలు ఆగి డబ్బు కూడబెట్టి పోత ఇనుము మినీ లేత్, వేగం నాబ్‌తో మార్చుకునేది తీసుకోండి సర్. సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి, సరదా తీరిపోయి అమ్మేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

రాజోలు చెక్కపని:

చక్ సంగతి నిజమే. కానీ దానికి తేలికైన దారి ఉంది. ముందు చక్ కొని, దాన్ని తీసుకెళ్ళి వర్క్‌షాపువాళ్ళ చేతిలో పెట్టి, "దీనికి సరిపడా స్పిండిల్ తియ్యండి" అనాలి. ఇనుముని కోసే లేత్ ఉన్నవాళ్ళకి ఏ మర అయినా ఒకటే. మామూలుగా దొరికే కొలతలు రెండు. ఒకటి 33 మిల్లీమీటర్ల లావు, 3.5 పిచ్ (మరకీ మరకీ మధ్య 3.5 మిల్లీమీటర్లు). రెండోది అంగుళం లావు, అంగుళానికి 8 మరలు. ఈ రెండింట్లో ఏదైనా సరే, మూడోది మాత్రం వద్దు.

స్పిండిల్ లోపల, టెయిల్‌స్టాక్ లోపల 2వ నంబరు మోర్స్ టేపర్ (లోపలికి పోయేకొద్దీ సన్నబడే రంధ్రం) తీయమనండి. అప్పుడు బజారులో దొరికే సెంటర్లు, డ్రిల్ చక్ అన్నీ ఎక్కుతాయి.

మాస్టారూ, అడ్వాన్స్ ఇచ్చే ముందు అక్కడే కొన్ని పరీక్షలు చేయండి. రెండు వైపులా మొనదేలిన సెంటర్లు పెట్టి టెయిల్‌స్టాక్‌ని ముందుకు తోసుకొస్తే మొనకి మొన తగలాలి. పక్కకి తప్పినా, కిందకి తప్పినా ఊరుకోవద్దు. స్పిండిల్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, టక్ టక్ అంటే బేరింగ్ ఇల్లు వదులు. ఖాళీగా తిప్పి హెడ్‌స్టాక్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టండి, పడిపోతే వణుకు ఉన్నట్టే. ఉలిని ఆనించే టూల్‌రెస్ట్ బిగించి దాని మీద చేత్తో గట్టిగా నొక్కండి. జారితే ఆ బిగింపు మార్చాల్సిందే, అది జారిన రోజు ఉలి వెళ్ళి కర్ర కింద ఇరుక్కుంటుంది.

బెడ్ నుంచి సెంటర్ మొన దాకా ఎత్తు 5 అంగుళాలు ఉండాలి. దాన్నే 10 అంగుళాల స్వింగ్ అంటారు. అంటే 10 అంగుళాల గిన్నె చేయొచ్చని కాదు, మధ్యలో టూల్‌రెస్ట్ దిమ్మ ఉంటుంది కదా. ఏడెనిమిది దాకా హాయిగా చేసుకోవచ్చు.

మోటార్ వైండింగ్:

కరెంటు సంగతి నేను చెబుతా. అర హెచ్‌పీ అంటే సుమారు 373 వాట్లు, మీ పనికి చాలు. నిమిషానికి 1440 చుట్లు తిరిగే ఇండక్షన్ మోటారు అడగండి, 2800ది వద్దు. మూడు మెట్ల పుల్లీ వేయించుకోండి. మోటారు మీద రెండున్నర అంగుళాలు, స్పిండిల్ మీద 5 అంగుళాలు అయితే 720 వస్తుంది. రెండూ సమానమైతే 1440. తిరగేస్తే 2880. గిన్నెలు చేసే ఉద్దేశం ఉంది కాబట్టి ఇంకా కిందకి, 400–500 దాకా ఒక మెట్టు అదనంగా ఉంటే మంచిది.

ఎంత వేగంలో తిప్పాలో తేలికైన లెక్క ఉంది. కర్ర అడ్డకొలత అంగుళాల్లో తీసుకుని వేగంతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలి. ఆరంగుళాల గిన్నెకి 1000 నుంచి 1500. రెండంగుళాల కర్రకి లెక్క 3000 పైన చూపిస్తుంది గానీ కొత్తలో 1440 దాటకండి. గుండ్రంగా రాని చెక్కని ఎప్పుడూ అన్నిటికంటే తక్కువ మెట్టులోనే మొదలుపెట్టాలి.

ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది పెట్టి స్పీడ్ తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఈ రకం సింగిల్ ఫేజ్ మోటారు దానితో వేడెక్కి కాలిపోతుంది. నాబ్ తిప్పితే వేగం మారాలంటే త్రీ ఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) కావాలి. తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇప్పుడు తొందరేం లేదు.

మామూలు లైట్ స్విచ్ పెట్టించకండి. కరెంటు పోయి, మీరు కర్ర దగ్గర చెయ్యి పెట్టి చూస్తుండగా తిరిగి వచ్చిందనుకోండి! మళ్ళీ బటన్ నొక్కితే తప్ప తిరగని పుష్ బటన్ స్టార్టర్ పెట్టించుకోండి. బెడ్ మొత్తం ఇనుమే కాబట్టి ఎర్త్ వైరు తప్పనిసరి.

తమ్ముడిగారు తెచ్చేది వద్దని చెప్పండి. అక్కడి మోటారు 120 వోల్టులది, మన 230లో పెడితే పొగే. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, అదో బరువు.

రాజోలు చెక్కపని:

లేత్ ఎలాగూ పెట్టెలో పట్టదు, విమానంలో ఒక పెట్టెకి 23 కిలోలే కదా. చక్ తెప్పించుకోండి. రెండు మూడు కిలోలు ఉంటుంది, కరెంటుతో పని లేదు. అక్కడ అంగుళం–8 మరలది మామూలుగా దొరుకుతుంది. దాని ప్రకారమే ఇక్కడ స్పిండిల్ తీయించండి. బొంగరాలకీ అప్పడాల కర్రలకీ చక్ లేకపోయినా నడుస్తుంది, తమ్ముడొచ్చేదాకా ఆగొచ్చు. కాకపోతే చక్ చేతికొచ్చేదాకా ఆ మర తీయకుండా ఉంచమనండి, లేదా అతన్నే అడిగి సరైన కొలత ముందే తెలుసుకోండి.

తెనాలి మాస్టారు:

చాలా ఉపయోగపడింది. నిన్న వర్క్‌షాపుకి వెళ్ళి వాళ్ళు ఇంకొకరికి చేసి పెట్టిన లేత్ చూశాను. రూపాయి బిళ్ళ నిలబడింది. సెంటర్లు మాత్రం ఒక పక్కకి రెండు మూడు మిల్లీమీటర్లు తప్పాయి. అడిగితే "చెక్కే కదా సార్, అంత చూడక్కర్లేదు" అన్నారు. నిజంగానే పర్వాలేదా? ఇంకో అనుమానం, మామూలు వడ్రంగి ఉలులు లేత్ మీద వాడొచ్చా?

హైదరాబాద్ హాబీ:

నేను చెప్పలేదూ!

రాజోలు చెక్కపని:

పర్వాలేదనడానికి లేదు. అప్పడాల కర్రకి అంత తెలియకపోవచ్చు. టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ పెట్టి ఉలి పిడికి బెజ్జం వేస్తే తెలుస్తుంది, బెజ్జం పెద్దదైపోతుంది. హెడ్‌స్టాక్ కింద బోల్టులు వదులు చేసి, సెంటర్లు కలిపి, మళ్ళీ బిగిస్తే సరిపోయే పని అది. మీ ఎదురుగా చేయించుకోండి. కుదరదంటే హైదరాబాద్ మిత్రుడి మాట వినండి, ఆగి పోత ఇనుముది కొనండి.

వడ్రంగి ఉలులు వద్దు. వాటి పిడి పొట్టి, చెక్క పట్టి లాగితే ఆపే బలం మీ చేతికి ఉండదు. పాత ఆకురాయిని సానబెట్టి ఉలి చేసిస్తామనేవాళ్ళూ ఉంటారు. ఆకురాయి ఉక్కు పెళుసు, తిరిగే కర్ర మీద పుటుక్కున విరుగుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఉలులు మూడు నాలుగు చాలు: కర్రని గుండ్రం చేయడానికి వెడల్పు గౌజ్ (దోనెలా వంపు తిరిగిన ఉలి), వంపులకి సన్న గౌజ్, విడగొట్టే పార్టింగ్ టూల్, తర్వాత ఓపిక ఉంటే ఏటవాలు అంచున్న స్క్యూ. ఆ వెడల్పు గౌజ్‌ని గిన్నె మీద పెట్టొద్దు. పిడిలోకి పోయే తోక సన్నగా ఉంటుంది, అక్కడే విరుగుతుంది. గిన్నెలకి బౌల్ గౌజ్ వేరే ఉంది, ఆ దశకి వచ్చినప్పుడు కొనండి.

సానకి ఆరంగుళాల బెంచ్ గ్రైండర్, దానికి 80 గ్రిట్ తెల్ల రాయి. పట్టేటప్పుడు ఉలి వేడెక్కితే నీళ్ళలో ముంచకండి, హెచ్‌ఎస్‌ఎస్ అయితే ఆ అవసరం లేదు, సన్న పగుళ్ళు రావచ్చు.

మోటార్ వైండింగ్:

ఇంకోటి. లుంగీ, కండువా, పొడుగు చేతుల చొక్కా, వేలికి ఉంగరం, చేతికి దారం ఏవీ లేత్ దగ్గర వద్దు. గ్లౌజులు కూడా వద్దు. చెయ్యి కాపాడుతుందనుకుంటాం, అదే చేతిని లోపలికి లాగుతుంది. ముఖానికి షీల్డ్, ముక్కుకి మాస్క్ ఉండాలి.

ఏటికొప్పాక పక్క ఊరు:

బొంగరాలు అన్నారు కాబట్టి నేనూ ఒక మాట చెబుతాను. మావైపు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్క బొమ్మలన్నీ లేత్ మీదే చేస్తారు. కర్ర అంకుడు, కొన్నిచోట్ల పాలకొడిశ అంటారు. తెల్లగా, నున్నగా, నార కనిపించకుండా ఉంటుంది. నేర్చుకునేవాళ్ళకి అంతకంటే మంచి కర్ర లేదు. బొమ్మ తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీని అదిమి పడితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఈ బొమ్మలకి 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచి తీసిన రంగుల మీద పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మీరు పిల్లలకి ఇచ్చేవి చేస్తున్నారు కాబట్టి ఆ రంగుల సంగతి తెలుసుకోండి, ఎనామిల్ పెయింట్ వేయకండి.

లేత్ కొనేముందే ఒకసారి రండి. యలమంచిలి స్టేషన్‌లో దిగితే దగ్గరే. కూర్చుని గంటసేపు చూస్తే ఉలి ఏ కోణంలో ఆనించాలో కళ్ళకే అర్థమవుతుంది. ఇక్కడి పాతవాళ్ళు కింద కూర్చుని పనిచేస్తారు, మీరు మాత్రం నిలబడి చేసేలా పెట్టుకోండి. లక్క పట్టేటప్పుడు కర్ర మీద బాగా ఒత్తిడి పడుతుంది, అడాప్టర్ లేత్ వద్దన్న మాట అక్కడ ఇంకా నిజం.

తెనాలి మాస్టారు:

తప్పకుండా వస్తాను. అంకుడు ఇక్కడ దొరకకపోతే దేనితో మొదలుపెట్టను? మా పెరట్లో ఈమధ్య కొట్టిన మామిడి కొమ్మలున్నాయి. పాత టేకు కిటికీ చెక్కలూ ఉన్నాయి. లేత్ ఎంత ఎత్తులో బిగించాలి?

రాజోలు చెక్కపని:

పచ్చి మామిడితో మొదలుపెట్టండి. మెత్తగా తెగుతుంది, పీచులు పీచులుగా ఎగిరొస్తుంటే భయం పోతుంది. కొమ్మ నడిబొడ్డున ఉండే బెండు మాత్రం వస్తువులో మిగలకూడదు, ఆరేటప్పుడు అక్కడి నుంచే చీలుతుంది. కాబట్టి లావు కొమ్మని నిలువునా రెండుగా చీల్చి వాడండి. తర్వాత వాడదామనుకున్న ముక్కల కొనలకి ఇప్పుడే కరిగిన మైనం పూసి నీడలో పెట్టండి. పాత టేకు తర్వాతకి ఉంచండి, అందులో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది, ఉలి పదును త్వరగా పోతుంది. పైగా పాత కిటికీ అంటే లోపల మేకు ఉండే ఉంటుంది. చింత గట్టిది, ఇప్పుడే వద్దు.

ఎత్తు సంగతి. మీరు నిలబడి చెయ్యి మడిస్తే మోచెయ్యి ఎక్కడికి వస్తుందో స్పిండిల్ మధ్యభాగం అక్కడుండాలి. స్టాండ్ కాళ్ళని డాబా స్లాబుకి బోల్టులు కొట్టి బిగించొద్దు, వాన నీళ్ళు దిగుతాయి. కాళ్ళ కింద మందం రబ్బరు ముక్కలు వేసి, కింది అరలో రెండు ఇసుక బస్తాలు పెట్టండి. కదలదు, కింద ఇంట్లోవాళ్ళకి మోత కూడా తగ్గుతుంది.