ఓబీఎస్ తెరిస్తే జూమ్‌లో కెమెరా రాదు, జూమ్ తెరిస్తే ఓబీఎస్‌లో నల్ల డబ్బా. రెండో వెబ్‌క్యామ్ కొనాల్సిందేనా?

లెక్కలక్క (మారతహళ్ళి):
అందరికీ నమస్తే. శని, ఆదివారాలు సాయంత్రం ఊళ్ళో ఉన్న మా బంధువుల పిల్లలకీ, వాళ్ళ ఫ్రెండ్స్‌కీ టెన్త్ లెక్కలు చెప్తుంటాను. ఎక్కువమంది యూట్యూబ్ లైవ్‌లో చూస్తారు, డౌట్లు అడిగేవాళ్ళు కొద్దిమంది జూమ్‌లో ఉంటారు. లైవ్‌కి ఓబీఎస్ (కెమెరా, స్క్రీన్ కలిపి యూట్యూబ్‌కి పంపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నా. గొడవేంటంటే, ఓబీఎస్ ముందు తెరిస్తే జూమ్‌లో కెమెరా ఆన్ కావట్లేదు, జూమ్ ముందు తెరిస్తే ఓబీఎస్‌లో నేను కనపడాల్సిన చోట నల్ల డబ్బా వస్తోంది. విండోస్ కెమెరా యాప్ తెరిస్తే వేరే యాప్ ఏదో కెమెరా వాడుతోంది, దాన్ని మూసేయమంటోంది. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశా, యూఎస్‌బీ పోర్టు మార్చా, లాభం లేదు. విడివిడిగా అయితే రెండిట్లోనూ శుభ్రంగా వస్తోంది. ఎస్పీ రోడ్డుకెళ్ళి (బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ బజారు) ఇంకో వెబ్‌క్యామ్ తెచ్చుకో, పీడా పోతుంది అంటున్నారు మా ఆయన. సొంత ల్యాప్‌టాప్, విండోస్ 11.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్:
డబ్బులు వేస్ట్ చేయకండి మేడం, మీ కెమెరాకి ఏ రోగమూ లేదు. పీజీలో ఉన్న ఒక్క బాత్రూంలో ముందు దూరినవాడు గడియ పెట్టుకుంటే మిగతావాళ్ళు బకెట్లతో బయట నిలబడతారు చూడండి, విండోస్‌లో కెమెరా కూడా మామూలుగా అంతే. ముందు పట్టుకున్న యాప్ వదిలేదాకా రెండోదానికి దొరకదు. మ్యాక్‌లో ఈ పేచీ లేదు, రెండు మూడు యాప్‌లు ఒకే కెమెరాని వాడుకోగలవు.

మీరు చేయాల్సింది, అసలు కెమెరాని ఓబీఎస్‌కి మాత్రమే వదిలేసి, జూమ్‌కి ఓబీఎస్ తయారు చేసే వర్చువల్ కెమెరా ఇవ్వడం, అంటే ఓబీఎస్‌లో కనిపించే బొమ్మనే వేరే యాప్‌లకి కెమెరాలా చూపించే ఉత్తుత్తి కెమెరా. 2020లో వచ్చిన 26.0 వెర్షన్ నుంచీ అది విండోస్ ఓబీఎస్‌లోనే ఉంది, పాత వీడియోలు చూసి ప్లగిన్ డౌన్‌లోడ్ చేయకండి. ముందు జూమ్‌ని పూర్తిగా మూసేయండి, అంటే ఇంటూ గుర్తు నొక్కి ఊరుకోవడం కాదు, కింద గడియారం పక్కన దాక్కున్న ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎగ్జిట్ నొక్కాలి. ఓబీఎస్ తెరిచి, అందులో మీ వీడియో వచ్చిందని చూసుకున్నాక కంట్రోల్స్‌లో స్టార్ట్ వర్చువల్ కెమెరా నొక్కండి. ఇప్పుడు జూమ్ మీటింగ్‌లోకి వెళ్ళి, వీడియో బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కితే లిస్టులో ఓబీఎస్ వర్చువల్ కెమెరా కనిపిస్తుంది. దాన్ని ఎంచుకున్నాక మీ మొహం బదులు ఓబీఎస్ లోగో వస్తే వర్చువల్ కెమెరా ఇంకా స్టార్ట్ కాలేదని అర్థం.

మైకాసురుడు:
పైన చెప్పింది కరెక్టే, కానీ సగమే. వర్చువల్ కెమెరాలో బొమ్మ మాత్రమే వెళ్తుంది, గొంతు వెళ్ళదు. జూమ్‌లో మైక్ మీరే విడిగా సెలెక్ట్ చేయాలి. మైక్‌తో కెమెరా లాంటి గొడవ సాధారణంగా రాదు, రెండు యాప్‌లూ ఒకేసారి వాడుకుంటాయి. కాకపోతే ఫ్యాన్ హోరు తగ్గించడానికి ఓబీఎస్‌లో ఫిల్టర్ పెట్టుకుని ఉంటే అది యూట్యూబ్‌కే పనిచేస్తుంది, జూమ్‌లో నాయిస్ సెట్టింగ్ వేరే చూసుకోవాలి.

డౌట్ అడిగే పిల్లల గొంతు లైవ్‌లో కూడా వినపడాలంటే ఓబీఎస్‌లో డెస్క్‌టాప్ ఆడియో మ్యూట్‌లో ఉండకూడదు. అప్పుడు హెడ్‌ఫోన్స్ తప్పనిసరి అక్కా. స్పీకర్‌లో పెడితే అదే గొంతు మీ మైక్‌లోంచి మళ్ళీ వెళ్ళి లైవ్‌లో ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. అడక్కపోయినా చెప్తున్నా, పిల్లల గొంతులు యూట్యూబ్‌లోకి వెళ్తున్నాయని వాళ్ళ ఇళ్ళల్లో ఒక మాట చెప్పి ఉంచండి.

లెక్కలక్క (మారతహళ్ళి):
వచ్చేసిందండీ! రెండిట్లోనూ వస్తోంది, పైగా ఓబీఎస్‌లో పెట్టుకున్న బోర్డు కూడా జూమ్‌లో కనిపిస్తోంది, అది నేను ఊహించలేదు. కానీ జూమ్‌లో బోర్డు మీద అక్షరాలు నాకు తిరగబడి ఉన్నాయి, పిల్లలకీ అలాగేనా? ఇంకోటి, మా ఆయన ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో కూడా ఓబీఎస్ వేసి ఇదే చేద్దామంటున్నారు, టీమ్స్ కాల్స్ కోసం.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్:
పిల్లలకి సరిగ్గానే కనిపిస్తుంది. జూమ్ మీ బొమ్మని మీకు మాత్రమే అద్దంలోలా చూపిస్తుంది. వీడియో సెట్టింగ్స్‌లో మిర్రర్ మై వీడియో టిక్ తీసేస్తే మీకూ సరిగ్గా వస్తుంది. ఓబీఎస్‌లో మాత్రం ఫ్లిప్ చేయకండి, అప్పుడు నిజంగానే అందరికీ తిరగబడుతుంది.

ఐటీ టికెట్ నంబర్ 1:
ఆఫీస్ ల్యాప్‌టాప్ జోలికి పోవద్దని సార్‌కి చెప్పండి. అడ్మిన్ హక్కులు లేకపోతే ఓబీఎస్ ఇన్‌స్టాలే కాకపోవచ్చు, ఎలాగోలా వేసినా సెక్యూరిటీ టీమ్ నుంచి మెయిల్ వస్తే ఆ తలనొప్పి వేరు. కావాలంటే ముందు టికెట్ వేసి అడగమనండి. అక్కడ ఉత్తినే కెమెరా బిజీ అంటుంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో కెమెరా తెరిస్తే ప్రస్తుతం ఏ యాప్ వాడుతోందో తెలుస్తుంది, దాన్ని మూస్తే చాలు.

లెక్కలక్క గారికి ఇంకొక్క మాట. క్లాసు లేనప్పుడు కూడా ఓబీఎస్ తెరిచి ఉంచే అలవాటుంటే, వీడియో క్యాప్చర్ డివైస్ (ఓబీఎస్‌లో మీ కెమెరాకి ఉండే పేరు) ప్రాపర్టీస్‌లో డీయాక్టివేట్ వెన్ నాట్ షోయింగ్ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. కెమెరా లేని సీన్‌లోకి మారగానే ఓబీఎస్ కెమెరాని వదిలేస్తుంది, వాట్సాప్ వీడియో కాల్ వచ్చినా ఇబ్బంది ఉండదు. ఎప్పటికైనా రెండో కెమెరా కొంటే రెండిటినీ ఒకే హబ్‌కి గుచ్చకండి. కంప్రెస్ చేయని 1080పీ వీడియో సెకనుకి 30 ఫ్రేములంటే దాదాపు 1000 మెగాబిట్లు, యూఎస్‌బీ 2.0 మొత్తం స్పీడే 480. కెమెరాలు కంప్రెస్ చేసి పంపుతాయి కాబట్టి ఒకటైతే నెట్టుకొస్తుంది, రెండైతే ఒకటి నల్లబడే ఛాన్స్ ఉంది. అప్పుడు మళ్ళీ ఇక్కడికే రావాలి.