అట్ట మీద ‘అణుశక్తి’ అనాలా, ‘కేంద్రక శక్తి’ అనాలా?

గవర్నర్‌పేట ప్రూఫు:
మా ప్రెస్సులో 96 పేజీల పుస్తకం ఒకటి తయారవుతోంది. రాసినాయన రిటైరైన ఫిజిక్సు లెక్చరరు. రియాక్టరు ఎలా పనిచేస్తుంది, 1986లో చెర్నోబిల్‌లో ఏమైంది, 2011లో ఫుకుషిమాలో ఏమైంది, అన్నీ ఇంటర్ పిల్లలకి అందేలా రాశారు. జనవరిలో బెజవాడ పుస్తకాల పండక్కి స్టాల్లో ఉండాలి. లోపలంతా అయిపోయింది, అట్ట దగ్గర ఆగిపోయాం. ఆయన ‘కేంద్రక శక్తి’ అనే పెట్టాలంటారు. డబ్బు పెట్టినాయన ‘అణుశక్తి’ తప్ప ఇంకోటి కుదరదంటాడు. పది రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు, ఇటువి అటు, అటువి ఇటు నేనే మోస్తున్నా. మీరైతే ఏది పెడతారు?

బ్రాడీపేట మాస్టారు:
ఇందులో చర్చేముందండీ? రచయితదే రైటు. పరమాణువులు కలిస్తే అణువు. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు. పరమాణువు నడిమధ్యన ఉండేది కేంద్రకం. యురేనియంలో పగిలేది ఆ కేంద్రకమే, అణువుకి అక్కడ పనే లేదు. ఇంటర్ రెండో ఏడు ఫిజిక్సులో పాఠం పేరే ‘కేంద్రకాలు’. గుంటూరులో 31 ఏళ్లు ఆ పాఠం చెప్పాను, ‘అణు విచ్ఛిత్తి’ అని రాసినవాడి పేపరు మీద ఎర్రగీత గీయకుండా వదల్లేదు. ఇప్పుడు అదే తప్పు అట్ట మీద అచ్చేసి 120 రూపాయలకి అమ్ముతారా?

బూడిద చెరువు:
మాస్టారూ, మీ లెక్కన నేను ఉద్యోగం వెలగబెట్టింది అణు విద్యుత్ కేంద్రంలోనే! నవ్వకండి. ఇబ్రహీంపట్నం థర్మల్లో చేశాను. బొగ్గు మండటమంటే ఏంటి? ఒక కార్బన్ పరమాణువు రెండు ఆక్సిజన్ పరమాణువుల్ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్ అణువు కావటం. ఆ అణువు కట్టేటప్పుడు వచ్చే వేడికే నీళ్లు ఆవిరై టర్బైను తిరుగుతుంది. కాబట్టి పాఠం ప్రకారం అసలు సిసలు అణుశక్తి బొగ్గుదే.

ఎంతొస్తుందో చూడండి. కార్బన్ పరమాణువు ఒక్కటి మండితే 4 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న వాటి శక్తిని కొలిచే కొలత అది). యురేనియం-235 కేంద్రకం ఒక్కటి పగిలితే సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. 5 కోట్ల రెట్లు! ఒక్క గ్రాము యురేనియం-235 మొత్తం పగిలితే వచ్చే వేడి కావాలంటే మంచి బొగ్గే 3 టన్నులు తగలెయ్యాలి. మన దేశపు బొగ్గులో బూడిద పాలెక్కువ, ఇంకో టన్నున్నర వేసుకోండి.

ఇంత చెప్పీ నా ఓటు ‘అణుశక్తి’కే. ‘కేంద్రక శక్తి’ అని కాగితం మీద రాసి మా ఆవిడకి చూపించా. “కేంద్రం కొత్తగా ఏమన్నా ఇస్తోందా?” అంది. స్టాలు ముందు నిలబడ్డ పదిమందిలో తొమ్మిదిమంది అదే అంటారు. పైగా ఒక్కసారి గట్టిగా చదవండి: కేంద్రక విద్యుత్ కేంద్రం.

గవర్నర్‌పేట ప్రూఫు:
అయ్యో, అది జరిగిపోయిందండీ. 41వ పేజీలో రచయిత అచ్చం అలాగే రాశారు. టైపు చేసే కుర్రాడు పొరపాటున ఎక్కువ పడిందనుకుని ‘క’ పీకేశాడు. ‘కేంద్ర విద్యుత్ కేంద్రం’ అయి కూర్చుంది. రెండో ప్రూఫులో గానీ నా కళ్లబడలేదు.

బైపీసీ మూడో బెంచీ:
మాకైతే కేంద్రకం అంటే కణంలో ఉండేదే. అట్ట చూసి జీవశాస్త్రం పుస్తకం అనుకునేదాన్ని. విచ్ఛిత్తి అన్నా అమీబాయే గుర్తొస్తుంది.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మాయీ, నీకు అమీబా గుర్తు రావటంలో తప్పేం లేదు, ఆ మాట వచ్చిందే అక్కణ్ణుంచి. 1938 డిసెంబరులో హాన్, స్ట్రాస్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే, దానికన్నా చాలా తేలికైన బేరియం తేలింది. ఎందుకో వాళ్లకి అంతుపట్టలేదు. కేంద్రకం రెండు ముక్కలైందని తేల్చింది లీజ్ మైట్నర్, ఆవిడ అక్క కొడుకు ఫ్రిష్. దానికేం పేరు పెట్టాలా అని ఫ్రిష్ ఒక జీవశాస్త్రజ్ఞుణ్ణి అడిగాడు, కణం రెండుగా చీలితే మీరేమంటారని. అలా అమీబా మాట యురేనియానికి వచ్చింది. మన పాఠాల్లోనూ అక్కడ ద్విధావిచ్ఛిత్తి, ఇక్కడ కేంద్రక విచ్ఛిత్తి. మాటకి మాట ఎంత చక్కగా అతికిందో చూశావా? ‘అణు’ అన్నామా, ఆ అతుకు ఊడిపోతుంది.

రణస్థలం:
మాది కొవ్వాడ పక్క. ఇప్పుడు పటమటలో ఉంటున్నా. మీరంతా మాట సరిగ్గా ఉందా లేదా అని చూస్తున్నారు, నేను ఆ మాట ఎవరికి పనికొస్తుందా అని చూస్తున్నా. 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు మా దగ్గర పెడతామన్నారు. ఊళ్లో ముసలమ్మకి కూడా ‘అణు’ అంటే తెలుసు. హిరోషిమా అణుబాంబు, అణు విద్యుత్తు, రెండింటికీ ఆ మాట ఒకటే కాబట్టి నాలుగు ప్రశ్నలడిగింది. ‘కేంద్రక’ అంటే అడిగేదా? ఆస్పత్రిలో ఎమ్మారై స్కాను ఉంది కదా, మొదట దాని పేరులో ‘న్యూక్లియర్’ ఉండేది. రోగులు బెదురుతున్నారని పీకేశారు. అందులో రేడియేషన్ ప్రమాదం లేదు కాబట్టి అక్కడ సరే. రియాక్టరు విషయంలో అలా మెత్తని మాట వాడితే ఒప్పుకోను.

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, నేను ఎవర్నీ మభ్యపెట్టటానికి అనట్లేదు. అయినా మీ భయానికి సరైన మాటే కదా కావాల్సింది? ‘అణుధార్మికత’ అని పేపర్లో చదివి ఏం తెలుస్తుంది? రియాక్టరు ప్రమాదంలో బయటపడే వాటిలో అయోడిన్-131 అర్ధజీవితకాలం, అంటే సగానికి తగ్గటానికి పట్టే కాలం, 8 రోజులు, సీజియం-137ది 30 ఏళ్లు. మొదటిది మూడు నెలల్లో దాదాపు పోతుంది, రెండోది మనవడి తరం దాకా మట్టిలోనే ఉంటుంది. ముసలమ్మ అడగాల్సిన ప్రశ్న అది.

రణస్థలం:
అది లోపలి పేజీల్లో చెప్పండి మాస్టారూ, దండం పెట్టి చదువుతా. ముందు ఆవిడ పుస్తకం చేతిలోకి తీసుకోవాలిగా.

బూడిద చెరువు:
హిందీ వాళ్లు ‘పరమాణు బాంబు’ అంటారు. అదీ సగం రైటే, కనీసం మనకన్నా ఒక మెట్టు దగ్గర. తమిళులకి ఈ గొడవే లేదు, వాళ్లకి ‘అణు’ అంటేనే పరమాణువు. ఆ మాటకొస్తే ఇంగ్లీషు వాళ్లు మాత్రం? 1957లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ ఐఏఈఏ (ఇంటర్నేషనల్ అటామిక్ ఎనర్జీ ఏజెన్సీ) పేరులో ఇప్పటికీ ‘అటామిక్’ అనే ఉంది, ఎవరూ మార్చలేదు. పేపర్లలో ‘అణు’ అని ఇన్నేళ్లుగా పడుతోంది, ఇప్పుడు వెనక్కి రమ్మంటే వస్తుందా?

బ్రాడీపేట మాస్టారు:
రాదు. తెలుసు. అయినా ఎర్రగీత గీస్తాను.

గవర్నర్‌పేట ప్రూఫు:
ఈ మాటలన్నీ ప్రింటు తీసి ఇద్దరి ముందూ పెట్టాను. ముందు ఎవరూ తగ్గలేదు. బొగ్గు లెక్క దగ్గరకొచ్చేసరికి లెక్చరరుగారు ఫక్కున నవ్వారు. చివరికి అట్ట మీద ‘అణుశక్తి’, లోపల మొదటి నుంచి చివరిదాకా ‘కేంద్రక’. మొదటి పేజీ మొదటి వాక్యం “ఈ పుస్తకం పేరు తప్పు” అని ఉండాలన్నది ఆయన షరతు. డబ్బు పెట్టినాయన మొహం మాడ్చుకునే సరేనన్నాడు. 41వ పేజీలో ‘కేంద్రక విద్యుత్ కేంద్రం’ బదులు ‘రియాక్టరు’ అని వేసేశాం.

బ్రాడీపేట మాస్టారు:
పేరు తప్పని మీరే ఒప్పుకుని అమ్ముతారన్నమాట. నాకో కాపీ పంపండి. డబ్బిస్తాను.

గవర్నర్‌పేట ప్రూఫు:
తప్పకుండా మాస్టారూ. బూడిద చెరువు గారూ, మీ లెక్కని రెండో పేజీలో చేరుస్తున్నారు. కుర్రాడు టైపు చేసి పంపాడు, అందులో బొగ్గు దగ్గర 4 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు అని పడింది. ‘కోట్ల’ తీసెయ్యాలి కదూ?

బూడిద చెరువు:
తీసెయ్యండి బాబూ! బొగ్గులో అంతుంటే మాకు రోజూ రైళ్లకొద్దీ ఎందుకు?