ఇంట్లో రికార్డింగ్: గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది, మృదంగంలో గుంకారం లేదు. ఏ ప్లగిన్ కొనాలి?

ప్రశ్న: కర్ణాటక రాగాల్లో కట్టిన భక్తి గీతాలు ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం. 10×10 అడుగుల గది, ఒక కండెన్సర్ మైకు, ఒక డైనమిక్ మైకు, మైకులను కంప్యూటర్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. గాయనిది ఐదున్నర శ్రుతి. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది, వాద్యాలతో కలవడం లేదు. మృదంగానికి రెండు మైకులు పెడితే ఎడమ వైపు గుంకారం (బరువైన కింది నాదం) మాయమైంది. పిచ్ కరెక్షన్ (శ్రుతి తప్పిన స్వరాన్ని సరిదిద్దే సాఫ్ట్‌వేర్) వేస్తే తోడి రాగంలో ఉన్న పాట పాడైపోయింది. ఏ ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే పనిముట్టు) కొంటే ఇవి సరిపోతాయో చెప్పగలరా?

జవాబు (రికార్డింగ్ ఇంజనీరు): ప్రస్తుతానికి ఏదీ కొనకండి. మీరు చెప్పిన మూడింటిలో రెండు గదిలోనే తేలతాయి.

గాయని ఎక్కడ నిలబడుతున్నారు? వీపు వెనక అడుగు దూరంలో గోడ ఉంటే, గొంతు ఆ గోడకు తగిలి తిరిగొచ్చేసరికి దాదాపు 2 అడుగులు ఎక్కువ ప్రయాణిస్తుంది. అంటే సుమారు 1.8 మిల్లీసెకన్ల ఆలస్యం. అసలు గొంతుతో అది కలిసినప్పుడు 280 హెర్ట్జ్ దగ్గర గుంత పడి, దాని పైన ఉబ్బు వస్తుంది. మీకు వినిపిస్తున్న డబ్బా గుణం చాలావరకు ఇదే. మైకు దగ్గరికే చేరిన ఈ రంగును ఈక్వలైజర్ పూర్తిగా కడిగేయలేదు.

ఇలా చేసి చూడండి. గది మూలల్లోనూ సరిగ్గా నడిమధ్యలోనూ వద్దు, గోడకు మూడున్నర నాలుగు అడుగుల దూరంలో నిలబడాలి. 4 అంగుళాల పరుపును గాయని వెనక, గోడకు ఇంకో 4 అంగుళాల ఎడంగా నిలబెట్టండి. కార్డియాయిడ్ మైకు తన ముందున్నది వింటుంది, దాని ముందు ఉండేది గాయని వెనక గోడే. చాలామంది మైకు వెనక దుప్పటి కట్టి ఊరుకుంటారు. దానితో ఒరిగేది తక్కువ. గుడ్ల అట్టలు, పల్చటి ఫోమ్ అంటించకండి. అవి పై స్థాయులనే (సన్నటి శబ్దాలనే) మింగి, 300-500 హెర్ట్జ్ మధ్య మోతను అలాగే వదిలేస్తాయి. గొంతు ఇంకా మూసుకుపోతుంది.

మైకుకూ పెదవులకూ జానెడు దూరం, మధ్యలో, మైకుకు బెత్తెడు ఎడంగా పాప్ ఫిల్టర్. మరీ దగ్గరైతే కింది స్థాయులు (బరువు శబ్దాలు) ఉబ్బుతాయి. ప, ఫ, భ పేలుతుంటే మైకును నోటికి ఎదురుగా కాక ముక్కు ఎత్తున పెట్టి కాస్త కిందికి వంచండి. స, ష కోసేస్తుంటే కూడా డీ-ఎస్సర్ (ఆ కోతను తగ్గించే ప్లగిన్) కన్నా ముందు ఇదే చేయండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకోండి. అత్యంత గట్టిగా పాడే చరణంలో మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ ఉంచితే చాలు. మీటరులో పచ్చ గీత పైదాకా రాకపోతే తక్కువ రికార్డయిందని కంగారు పడకండి.

జవాబు (మృదంగ విద్వాంసుడు): గుంకారం పోవడానికి కారణం రెండు మైకుల ధ్రువత. ఎడమ మూత మీద కొట్టినప్పుడు అది లోపలికి వెళ్తుంది, లోపలి గాలి కుడి మూతను బయటికి తోస్తుంది. ఒక మైకుకు అలలో పల్లం అందితే రెండోదానికి శిఖరం అందుతుంది. కలిపితే కింది స్థాయులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్ మీద సున్నాకు అడ్డగీత ఉన్న బటన్ నొక్కి, మోనోలో (రెండు ట్రాకులూ ఒకటిగా కలిపి) వినండి. గుంకారం పెరిగితే అలాగే ఉంచేయండి. డైనమిక్ మైకు ఎడమ వైపు, కండెన్సర్ కుడి వైపు, రెండూ జానెడు దూరంలో.

ఎడమ మూత మీద తడిపి అంటించే రవ్వ ముద్ద ఆరేకొద్దీ నాదం మారిపోతుంది, ఏసీ గదిలో మరీ త్వరగా. పల్లవికీ చివరి చరణానికీ మృదంగం వేరే వాద్యంలా వినిపిస్తే అతికించడం ఎవరి తరమూ కాదు. ప్రతి టేకుకు ముందు రవ్వ తడి చూసుకుని, కుడి మూతను తంబురాతో సరిచూడండి. ఐదున్నర శ్రుతి అంటే కీబోర్డులో జి షార్ప్. కీబోర్డు 440 హెర్ట్జ్‌కు ఉంటే తంబురా యాప్‌ను కూడా 440కే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. బటన్ నొక్కగానే గుంకారం తిరిగొచ్చింది! తోడి సంగతి?

జవాబు (రికార్డింగ్ ఇంజనీరు): తోడిలో గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆటోమేటిక్ కరెక్షన్ ఆ ఊపును మెట్లుగా విరగ్గొట్టి, ఏ మెట్టు దగ్గరైతే దానికి లాగేస్తుంది. రాగం అక్కడే పోయింది. ట్రాక్ మొత్తానికి వేయడం ఆపి, స్వరాలు గీతలా కనిపించే గ్రాఫ్ పద్ధతిలో తెరవండి. నిలిపి పాడిన షడ్జమం, పంచమం దిగితే వాటి సగటు స్థాయిని మాత్రమే కాస్త ఎత్తండి. గమకం గీతను ముట్టుకోవద్దు.

అంతకన్నా మేలైన దారి, ప్రతి చరణానికీ నాలుగైదు టేకులు తీసి మంచి పాదాలు ఏరి కలపడం. అతుకు ఊపిరికి కాస్త ముందు పెట్టి, 5-10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక టేకు తగ్గుతూ ఇంకోటి పెరగడం) ఇస్తే తెలియదు. ఊపిరి శబ్దాలు తీసేయకండి, 6 డెసిబెల్స్ తగ్గించండి చాలు. పాడేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క) 64 లేదా 128 శాంపిళ్లు ఉంచండి, పెద్దదైతే ఆలస్యం పెరుగుతుంది. ఆలస్యంగా వినిపించే హెడ్‌ఫోన్‌లో ఎంతటి గాయని అయినా తాళం జారుతుంది.

జవాబు (మిక్సింగ్ చేసే సభ్యురాలు): వాద్యాలతో కలవడం లేదన్నారు కదా, దానికి నా వంతు. కంప్రెసర్‌కు (గట్టి శబ్దాన్ని దానంతటదే తగ్గించే ప్లగిన్‌కు) ముందే మాట మాటకూ హెచ్చుతగ్గులు చేత్తో సరిచేయండి. ఆ తర్వాత కంప్రెసర్‌లో నిష్పత్తి 3:1, అటాక్ (పని మొదలుపెట్టే వేగం) 15 మిల్లీసెకన్లు, 3-4 డెసిబెల్స్ దిగితే సరిపోతుంది. గొంతులో 100 హెర్ట్జ్ కింద కోసేయండి. స్పష్టత కోసం గొంతును పెంచే ముందు, కీబోర్డు ప్యాడ్‌లో (వెనక సాగే స్వరాల్లో) 2-4 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గించి చూడండి. సాహిత్యం దానంతటదే పైకి తేలుతుంది. రివర్బ్‌కు (ప్లగిన్‌తో కలిపే గది మోతకు) 40 మిల్లీసెకన్ల ప్రీడిలే (మోత మొదలయ్యే ముందు ఎడం), 250 హెర్ట్జ్ కింద కోత. భక్తి గీతమని గుడి మంటపమంత రివర్బ్ పోస్తే హల్లులు కరిగిపోతాయి.

మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు) వేరేవారికి ఇస్తే లిమిటర్ (శిఖరాలను అదిమే ప్లగిన్) తీసేసి, పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉన్న 24 బిట్ వేవ్ ఫైలు పంపండి. యూట్యూబ్ తన ప్రమాణం కన్నా గట్టిగా ఉన్న పాటను ఎలాగూ తగ్గిస్తుంది, నలిపి పంపితే నలిగిన పాటే తగ్గి వినిపిస్తుంది.