ఆల్బమ్ కవర్: పాటలో భాగమా, పాటకు చుట్టిన కాగితమా?

బీచ్‌రోడ్ గిటార్:
మా బ్యాండ్ ఆరు పాటలతో మొదటి ఆల్బమ్ వదులుతోంది. రికార్డింగ్, మిక్సింగ్ అయ్యాక చేతిలో 18 వేలు మిగిలాయి. దాంతో మంచి కవర్ వేయిద్దామని నేనంటే, ఆరో పాటలో వయొలిన్ సరిగ్గా రాలేదు, అది మళ్లీ రికార్డు చేద్దామని మా డ్రమ్మర్ అంటున్నాడు. ఫోన్‌లో గోరంత కనిపించే బొమ్మకి అంత ఖర్చా అని వాడి బాధ. మీరేమంటారు?

పాతరికార్డు:
వయొలిన్. ఇందులో ఆలోచించడానికి ఏముంది? మా నాన్నగారి 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు, గోధుమరంగు కాగితం సంచుల్లో వచ్చేవి. మధ్యలో గుండ్రటి కన్నం, అందులోంచి లేబుల్ చదువుకోవడమే. ఏ పాటకైనా అదే సంచి. దానివల్ల ఏ పాటా తక్కువ కాలేదు. రేడియోలో విన్నప్పుడు కవర్ ఎక్కడుంది?

రంగులపెట్టె:
నమస్తే మాష్టారూ. నేను డిజైనర్ని, ఎంవీపీ కాలనీలో ఉంటాను. 1940 ప్రాంతం దాకా అమెరికాలోనూ అట్టలు బోసిగానే ఉండేవి. వాటిని సమాధి రాళ్లు అనేవారట. కొలంబియా రికార్డ్స్‌లో అలెక్స్ స్టైన్‌వైస్ వాటి మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాకే, చూడగానే లోపల ఎలాంటి సంగీతం ఉందో తెలిసే పద్ధతి వచ్చింది.
1979లో ఇంగ్లండ్ బ్యాండ్ జాయ్ డివిజన్ ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' కవర్ చూడండి. ఒక పల్సర్ నక్షత్రం నుంచి వచ్చిన రేడియో తరంగాల గీతలవి. ఖగోళశాస్త్ర పుస్తకంలోని ఆ బొమ్మని బ్యాండ్ వాళ్లే తెచ్చిచ్చారు. తెల్లకాగితం మీది నల్లగీతల్ని డిజైనర్ పీటర్ సావిల్ నలుపు మీద తెలుపుగా తిప్పాడు. ముందు అట్ట మీద బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. ఆ పాటల్లోని చలి, ఒంటరితనం ఆ గీతల్లోనే ఉన్నాయి. దాన్ని చుట్టిన కాగితం అంటే నేనొప్పుకోను.

పాతరికార్డు:
ఆల్బమ్ అన్న మాట ఎలా వచ్చిందో తెలుసా అమ్మా? 78 రికార్డు ఒక వైపు మూడు, నాలుగు నిమిషాలే. పెద్ద కచేరీ వినాలంటే నాలుగైదు డిస్కులు కావాలి. వాటిని ఫొటో ఆల్బమ్‌లా అట్టల మధ్య కుట్టేవారు. లక్క రికార్డు, కింద పడితే ముక్కలే. అట్ట పుట్టింది కాపాడటానికి.

గాజువాక శ్రీను:
అట్ట ఎందుకు పుట్టిందని కాదు కదండీ అడిగింది.

రంగులపెట్టె:
అదే నేననేదీ. ఎందుకు పుట్టినా 1948లో ఎల్పీ, అంటే ఎక్కువసేపు పాడే లాంగ్ ప్లే రికార్డు, వచ్చాక 12 అంగుళాల చదరం చేతికొచ్చింది. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' వెనక అట్ట మీద పాటల సాహిత్యం మొత్తం అచ్చేశారు. జనం అట్ట ఒళ్లో పెట్టుకుని చదువుతూ విన్నారు. అది కాపాడటమా?

పాతరికార్డు:
సరే, నా ఇంట్లో జరిగిందే చెప్తాను. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. కిటికీ రెక్క ఊడిపోయి నీళ్లు నేరుగా అలమారలోకి కొట్టాయి. నలభై ఎల్పీల అట్టలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, లాగితే గుజ్జులా చేతికొచ్చాయి. కరెంటు లేదు. డిస్కులు కడిగి, వంటింట్లో ప్లేట్ల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టాం. ఇప్పటికీ పాడుతున్నాయి. అట్ట పోయింది, పాట పోలేదు.

డాబాగార్డెన్స్ వాసి:
అయ్యో. ఇప్పుడు ఎందులో పెట్టారు సార్?

పాతరికార్డు:
తెల్ల కాగితం కవర్లలో. పైన పెన్నుతో పేర్లు రాసుకున్నాను.

రంగులపెట్టె:
పేర్లు లేబుల్ మీద ఉంటాయి కదా మాష్టారూ, మళ్లీ ఎందుకు రాశారు? కవర్ లేకపోతే మీకూ వెలితిగా ఉందన్నమాట.

పాతరికార్డు:
లేబుల్ మీద లేని పేర్లు రాశానమ్మా. వయొలిన్ ఎవరు, తబలా ఎవరు, నాకు తెలిసినంతవరకు. మా అన్నయ్య ఒక భక్తిగీతాల క్యాసెట్‌కి వేణువు వాయించాడు. క్యాసెట్ వచ్చిన రోజు అమ్మ కళ్లజోడు పెట్టుకుని లోపలి కార్డు మడత విప్పి రెండు వైపులా వెతికింది. ముందు గాయకుడి ఫొటో, వెనక కంపెనీ వేరే క్యాసెట్ల ప్రకటన. అన్నయ్య పేరు ఎక్కడా లేదు. మీరేమో అట్ట మీద ఏ పేరూ లేకపోవడమే గొప్ప అంటున్నారు. నాకు కోపం రాదా?

రంగులపెట్టె:
ఆ కోపం నామీద చూపిస్తే ఎలా? నాదీ అదే గతి. పోయినేడాది ఒకరికి జానపద పాటల కవర్ వేసిచ్చాను. తప్పెటగుళ్ల కళాకారుల గజ్జెలు దగ్గర కూర్చుని చూసి గీసిన బొమ్మ. సగం డబ్బిచ్చి, దాన్నే ఏఐలో పెట్టి రంగులు మార్చి వాడుకున్నారు. బొమ్మ వేసిన నా పేరు ఎవరు వెతుకుతారు?

పాతరికార్డు:
అది అన్యాయమే. కానీ మీ బొమ్మ ముందుకొస్తే వాయించినవాడు వెనక్కిపోతాడు. నా గొడవ మొదట్నుంచీ అదే.

రంగులపెట్టె:
వెనక్కిపోవడానికి అసలు వెనక అట్టే లేదు మాష్టారూ ఇప్పుడు! ఫోన్‌లో ముందు బొమ్మ ఒక్కటే మిగిలింది. కొన్ని యాప్స్‌లో మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ వస్తాయి. అవీ అప్‌లోడ్ చేసేటప్పుడు మనం నింపితేనే.

గాజువాక శ్రీను:
తమ్ముడూ గిటార్, ఆ వయొలిన్ వాయించినవాళ్ల పేరు ఇచ్చావా మరి?

బీచ్‌రోడ్ గిటార్:
లేదన్నా. సెషన్‌కి డబ్బిచ్చేశాం కదా అని ఆ గడి ఖాళీగా వదిలేశాను. వయొలిన్ వాయించిన అక్క కూడా అడగలేదు. ఇప్పుడే పేరు ఎలా రాయాలో కనుక్కుంటూ ఆమెకి మెసేజ్ పెట్టాను.

రంగులపెట్టె:
కవర్ ఎవరు చేసినా వాళ్ల పేరు కూడా వేయి. ముందు బొమ్మలో పట్టకపోతే ఆల్బమ్ గురించి రాసే నాలుగు మాటల్లో వేయి. 18 వేలు అక్కర్లేదు, ఆరు వేలలో చేసేవాళ్లున్నారు. నేను చేస్తాను, పాటలు పంపు. వినకుండా మాత్రం గీయను.

పాతరికార్డు:
మిగిలిన పన్నెండు వేలు వయొలిన్‌కి పెట్టు. ఆ మాట మాత్రం మార్చను.